ఉద్యోగం వెతుక్కునే ఇంగ్లీషు విమానం ఎక్కకముందే నేర్పాలి

సంపాదకుడికి,

అయ్యా,

బెంగళూరు మారతహళ్లి, మడివాళ, బీటీఎం లేఅవుట్ వీధుల్లో విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్షలు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈల కోచింగ్ బోర్డులకు కొదవ లేదు. కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ఒంగోలు నుంచి వచ్చి పీజీల్లో ఉంటూ ఈ పరీక్షలకు తయారయ్యే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం మా పని. స్కోరు రాగానే ఇంగ్లీషు అయిపోయిందని పిల్లలూ, తల్లిదండ్రులూ, సెంటర్లవాళ్లూ అందరూ అనుకుంటారు. విదేశానికి వెళ్లాక ఉద్యోగం అడగడానికి కావలసిన ఇంగ్లీషును మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి మీ పాఠకుల దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం.

పరీక్షలో ఏం అడుగుతారో చూడండి. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో గంటలో రెండు రాతలు, ఒకటి 150 పదాలది, మరొకటి 250 పదాల వ్యాసం. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు చేతికిచ్చి, నిమిషం ఆలోచించుకోమని, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. ఇది బాగా సాధన చేసిన పిల్లవాడు పర్యావరణ కాలుష్యం మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. ముక్కూ మొహం తెలియని మేనేజరుకు ఆరు వాక్యాల మెయిల్ రాయమంటే మాత్రం ‘రెస్పెక్టెడ్ సర్’ దగ్గరే కలం ఆగిపోతుంది. పరీక్షను తప్పుపట్టడం లేదు. అది కొలిచేది వేరు, పిల్లలకు కావలసింది వేరు.

అక్కడికి వెళ్లాక నేర్చుకుంటారులే అంటారు. నేర్చుకునే వ్యవధి ఎక్కడుంది? అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు రెండో సగంలో మొదలవుతుంది. కంపెనీలు వచ్చి విద్యార్థులను కలిసే కెరీర్ ఫెయిర్ చాలా యూనివర్సిటీల్లో సెప్టెంబరులోనే పెడతారు. పెద్ద కంపెనీలు మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఆగస్టు, నవంబరు నెలల మధ్యే ఎక్కువగా దరఖాస్తులు తీసుకుంటాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి బయట ఇంటర్న్‌షిప్ చేసే సీపీటీ అనుమతి మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే వస్తుంది గనక మొదటి వేసవి సరిగ్గా కుదురుతుంది. ఆ వేసవి కోసం ఇంటర్వ్యూలు మాత్రం దిగిన రెండు మూడు నెలల్లోనే. ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, సిమ్ కార్డు తెచ్చుకునే సరికి ఫెయిర్ అయిపోయి ఉంటుంది. అక్కడి కెరీర్ సెంటర్లు, ఇంగ్లీషు విభాగాలు మంచివే. అయితే అరగంట అపాయింట్‌మెంట్‌లో రెజ్యూమె దిద్దగలరు గాని, నోరు పెగల్చడం నేర్పలేరు.

అందుకని ప్రయాణానికి నాలుగు నెలల ముందు, పది వారాలు, వారానికి రెండు క్లాసులు, క్లాసుకు గంటన్నర, మొత్తం 30 గంటలు దీనికి కేటాయించాలని మా సూచన. బోర్డు మీద పాయింట్లు రాసి చెప్పే ఉపన్యాసంగా పెడితే ఉపయోగం లేదు. ప్రతి క్లాసులో విద్యార్థి ఏదో ఒకటి తయారుచేసి బయటికి రావాలి.

మొదటి రెండు వారాలు ఉద్యోగ ప్రకటనలు చదవడానికే. రెజ్యూమెతో మొదలుపెట్టడం దాదాపు అన్ని శిక్షణల్లో జరిగే పొరపాటు. ఎవరి కోసం రాస్తున్నాడో తెలియకుండా రాసినది ఎవరికీ పనికిరాదు. విద్యార్థి తన రంగంలోనే ఐదు ప్రకటనలు ఎంచి ప్రింటు తీసుకురావాలి. పెన్నుతో మూడు పనులు చేయించాలి: క్రియాపదాల కింద గీత, తప్పనిసరిగా ఉండాలన్న అర్హతల చుట్టూ సున్నా, ఉంటే మంచిదన్న వాటికి పక్కన టిక్కు. ఈ చివరి రెండింటికీ తేడా తెలియక, పదింటిలో రెండు లేవని దరఖాస్తే పెట్టని పిల్లలు చాలామంది. దానికి భిన్నంగా, యూఎస్ పౌరులు మాత్రమే అర్హులని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న రక్షణ రంగ ఉద్యోగాలకు గంటల తరబడి దరఖాస్తులు నింపేవారూ ఉన్నారు. ఐదు ప్రకటనల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చిన 20 పదాలు ఏరితే అదే ఆ విద్యార్థి పదపట్టిక. అచ్చయిన వొకాబులరీ పుస్తకం దాని ముందు నిలవదు.

ఇక రెజ్యూమె. అమెరికాకు ఒక పేజీ చాలు. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి అయిందా లేదా, మతం, పాస్‌పోర్టు నంబరు, అడుగున ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న డిక్లరేషన్, సంతకం ఏవీ ఉండకూడదు. వయసు, మతం ఆధారంగా వివక్ష చూపారన్న మాట పడకుండా అక్కడి కంపెనీలు ఆ వివరాలు చూడటానికే ఇష్టపడవు. ఇంజినీరింగ్‌లో 78 శాతం వస్తే అలాగే రాయాలి. సొంత లెక్కతో అమెరికా పద్ధతిలో నాలుగు పాయింట్ల జీపీఏగా మార్చితే తర్వాత పత్రాలతో సరిపోలదు. బ్రిటన్‌కు వెళ్లేవారికి రెండు పేజీలు ఉండవచ్చు. జర్మనీలో ఇప్పటికీ ఫొటో పెట్టేవారు చాలామందే. ఒకే కాగితాన్ని అన్ని దేశాలకూ తిప్పితే కుదరదు.

దరఖాస్తును ముందు చదివేది తరచూ సాఫ్ట్‌వేరే. నెట్‌లో దొరికే రెండు వరసల రంగుల డిజైన్లు, టేబుళ్లు, నైపుణ్యానికి ఐదు చుక్కల్లో నాలుగు నింపే బొమ్మలు దానికి సరిగా అర్థం కావు. పేజీ హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు ఒక్కోసారి అసలే అందదు. పరీక్ష సులువు. పీడీఎఫ్‌లోని మొత్తం వచనాన్ని కాపీచేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. వరస చెదరకుండా పైనుంచి కిందికి చదవగలిగితే సరే, పేరు ఒకచోట, కాలేజీ మరోచోట పడితే ఆ డిజైన్ తీసి అవతల పారేయాలి.

పేరు సంగతి మన పిల్లలకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరున్న చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. యూనివర్సిటీ రికార్డుల్లో, మెయిల్ ఐడీలో అదే పాకుతుంది. ఇంటిపేరు ఉన్నవారికి కూడా, మనం దాన్ని ముందు రాసే అలవాటు వల్ల, వచ్చే మెయిళ్లలో ‘హాయ్’ తర్వాత ఇంటిపేరే వస్తుంది. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, మెయిల్ సంతకంలో పేరు ఒకే వరసలో ఉండేలా క్లాసులోనే సరిచేయాలి. పాస్‌పోర్టు మార్పు మిగతావాటి కంటే ముందే చూసుకోవాలి, వీసా అయ్యాక అది పెద్ద తలనొప్పి.

రెజ్యూమెలో ఎక్కువ సమయం తినేది ప్రాజెక్టు వాక్యాలు. ‘డేటాబేస్‌కు బాధ్యత వహించాను’ అని రాస్తారు, దానివల్ల ఏమీ తెలియదు. ఏం చేశావు, దేనితో చేశావు, ఎంత మేరకు, దానివల్ల ఏం జరిగింది అన్న నాలుగు ప్రశ్నలు వేయాలి, ముందు తెలుగులోనే. ఉదాహరణకు కాలేజీ లైబ్రరీ ప్రాజెక్టు తీసుకోండి. ‘8 వేల పుస్తకాల వివరాలు ఎక్సెల్ నుంచి మైఎస్‌క్యూఎల్‌లోకి మార్చాను, రెండుసార్లు నమోదైనవి తీసేశాను, రచయిత పేరుతో వెతికే పేజీ రాశాను’ అని తెలుగులో నోటివెంట వచ్చాక, ఇంగ్లీషు వాక్యం మూడు క్రియలతో దానంతటదే నిలబడుతుంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినబడకూడదనే నియమం ఇక్కడ చేటు చేస్తుంది. తాను ఏం చేశాడో తెలుగులో చెప్పలేనివాడికి ఇంగ్లీషు పదాలు ఎన్ని ఇచ్చినా లాభం లేదు. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో తన వాటా ఎంతో తనకే స్పష్టంగా లేకపోవడం చాలాసార్లు ఈ దశలోనే బయటపడుతుంది. ఇంటర్వ్యూలో బయటపడటం కంటే అది నయం.

మెయిళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సబ్జెక్టు లైనులో విషయం, మొదటి వాక్యంలో తానెవరో, రెండో వాక్యంలో ఏం కావాలో, మొత్తం ఆరు వాక్యాలు. ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ వద్దు. ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు కృతజ్ఞతల మెయిల్ ఒకటి. లింక్డ్‌ఇన్‌లో పరిచయం లేని సీనియర్‌కు మొదటి సందేశంలోనే రెజ్యూమె జతచేసి ‘రిఫర్ చేయండి’ అంటే జవాబు రాదు. అతని పని గురించి తెలుసుకోవడానికి 15 నిమిషాలు అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. అడగబోయే ఐదు ప్రశ్నలు ముందే రాసుకోవాలి. ఆ ఐదింటిలో ‘ఉద్యోగం ఇప్పిస్తారా’ అన్నది ఉండకూడదు.

ఫోన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాలి. మొదటి వడపోత చాలాచోట్ల ఫోన్ మీదే జరుగుతుంది, అక్కడ ముఖం కనిపించదు, సైగలు పనిచేయవు. క్లాసులో ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టి మాట్లాడించండి, ఎక్కడ తెగుతుందో వెంటనే తెలుస్తుంది. ముందుగా తెగేది పేరు స్పెల్లింగ్. అమెరికన్లు ‘జెడ్’ను ‘జీ’ అంటారు, మన చెవికి అది మరో అక్షరంలా వినిపిస్తుంది. బీ, పీ, డీ, టీ కూడా ఫోన్‌లో కలిసిపోతాయి. కాబట్టి ప్రతి విద్యార్థి తన పేరులోని అక్షరాలకు తేలిక పదాలు ఎంచుకుని, ఆగకుండా చెప్పేంతగా సాధన చేయాలి. ఫోన్ నంబరును మనం ఐదు, ఐదుగా విడదీసి చెబుతాం, వాళ్లు మూడు, మూడు, నాలుగుగా వింటారు. ‘ట్రిపుల్ నైన్’ అంటే రాసుకునేవాడు తికమకపడతాడు, తొమ్మిది మూడుసార్లు విడిగా చెప్పాలి. వాయిస్ మెయిల్ 30 సెకన్లకు మించకూడదు: పేరు, ఏ ఉద్యోగం గురించి, నంబరు రెండుసార్లు నెమ్మదిగా. అర్థం కాకపోతే ‘ఎస్ సర్’ అనేయడం మన పిల్లల అలవాటు. తేదీ, సమయం తిరిగి చదివి వినిపించడం, ఏ టైమ్ జోన్ అని అడగడం వంటి వాక్యాలు నాలుగైదు నోటికి రావాలి. వీటిని బట్టీ పట్టినా ఫర్వాలేదు.

యాస మార్చుకోవడానికి డబ్బులు పోయనక్కర్లేదు. అర్థం కాకపోవడానికి అసలు కారణం యాస కంటే ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో మాటలో ఒకచోట బరువు పడాలి, ‘డెవలప్‌మెంట్’లో రెండో భాగం మీద, ‘ఇంజినీర్’లో చివర, ‘అనాలిసిస్’లో రెండో భాగం మీద. విద్యార్థి రెజ్యూమెలోని 20 పదాలే తీసుకుని, బరువు పడేచోట బెంచీ మీద తట్టిస్తూ రోజుకు పది నిమిషాలు చెప్పిస్తే, రెండు మూడు వారాల్లో ఫోన్‌లో ‘మళ్లీ చెప్పండి’ అనడం తగ్గుతుంది.

ఇంటర్వ్యూ సాధనకు ముగ్గురేసి జట్లు మేలు: ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు, ఒకరు గమనించేవారు. 18 మంది క్లాసులో ఆరు జట్లు. ఎనిమిది నిమిషాలు మాట, నాలుగు నిమిషాలు వ్యాఖ్య, తర్వాత పాత్రలు మారాలి. మూడు విడతలకు 36 నిమిషాలు. గమనించేవారు రెండే రాయాలి: అర్థం కాని ఒక చోటు, ఇంకా వివరం కావలసిన ఒక చోటు. వ్యాకరణ దోషాలు దిద్దమంటే అందరూ అవే ఏరి పెడతారు, చెప్పేవాడి నోరు మూతపడుతుంది.

‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో నేర్పిన జవాబు ఒకటుంది. నా పేరు ఫలానా, మా నాన్న రైతు, అమ్మ గృహిణి, నా బలం కష్టపడటం, నా బలహీనత కూడా కష్టపడటమే. దీన్ని పూర్తిగా మరిపించాలి. 60 నుంచి 90 సెకన్లలో ఇప్పుడు ఏం చదువుతున్నాను, దీనికి ముందు చేసిన ఒక పని, ఈ ఉద్యోగానికి దానితో సంబంధం. అంతే. ‘ఒక కష్టమైన పరిస్థితి చెప్పండి’ తరహా ప్రశ్నలకు పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసినది, ఫలితం అన్న వరస అందరూ చెబుతారు. అయితే మన పిల్లలు రెండు నిమిషాల్లో ఒకటిన్నర పరిస్థితి వర్ణనకే పోస్తారు. పైగా అంతా ‘మేం చేశాం’. వినయం కొద్దీ అంటారు గాని, అడిగేవాడికి మాత్రం ఇతను ఏమీ చేయలేదేమో అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి, చేసిన పనికి కనీసం సగం సమయం దక్కేలా మళ్లీ మళ్లీ చెప్పించాలి. జీతం మాటకు వస్తే, కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో పాత జీతం అడగడం చట్టవిరుద్ధం. ఎంత ఆశిస్తున్నారని అడగవచ్చు, దానికి సంవత్సరానికి ఇంత నుంచి ఇంత అని డాలర్లలో చెప్పాలి, సీటీసీ లెక్కల్లో కాదు.

దరఖాస్తు ఫారంలో రెండు ప్రశ్నలు దాదాపు ప్రతిచోటా ఉంటాయి. ఈ దేశంలో పనిచేయడానికి మీకు చట్టపరమైన అనుమతి ఉందా? ఇప్పుడు గాని ముందుముందు గాని వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? రెండోదానికి ‘లేదు’ అని కొట్టేయమని సీనియర్లు సలహా ఇస్తారు. తర్వాత నిజం తెలిస్తే వచ్చిన ఆఫరూ పోతుంది. నిజమే రాసి, మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు రెండు వాక్యాల్లో వివరించడం నేర్పాలి. చదువు అయ్యాక, చదివిన రంగంలో పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి కింద 12 నెలలకు కంపెనీ ఏ వీసా పిటిషనూ వేయనక్కర్లేదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులైతే మరో 24 నెలలు, దానికి కంపెనీ ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండి, ఐ-983 శిక్షణ పత్రం నింపితే సరిపోతుంది. చిన్న కంపెనీల మేనేజర్లకు చాలామందికి ఈ సంగతే తెలియదు. విద్యార్థికి తెలిసినా చెప్పే ఇంగ్లీషు లేదు.

నిజానికి ఈ నిబంధనలే మంచి పఠన పాఠాలు. తిమింగలాల మీద పేరాలు చదివించే బదులు ఓపీటీ నియమాలున్న ప్రభుత్వ పేజీ ఇచ్చి, కేలండరు మీద తేదీలు గుర్తించమనాలి. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత దాకా దరఖాస్తు గడువు. లీపు సంవత్సరం కాని ఏడాదిలో మే 15న కోర్సు ముగిస్తే, ఫిబ్రవరి 14 నుంచి జూలై 14 వరకు. యూనివర్సిటీ అధికారి సిఫారసు నమోదు చేశాక 30 రోజుల్లో ఐ-765 అనే పని అనుమతి దరఖాస్తు దాఖలు చేయాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. అలాగే పని గంటలు: అమెరికాలో సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20, బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు 20, కెనడాలో క్యాంపస్ బయట 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి దినాలు. ఇవి మారుతుంటాయి కాబట్టి ఎక్కడ చూసుకోవాలో నేర్పడం ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వాయిస్ మెసేజ్ ఆధారం కాదు. 2011లో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ, 2019లో మిషిగన్ ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీల వ్యవహారాల్లో ఇరుక్కున్నవారిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ‘మొదటి రోజు నుంచే సీపీటీ’ అన్న మాట వినగానే అనుమానించాల్సిన అవసరం అందరికీ తెలిసి ఉండాలి.

లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఎక్కించే కన్సల్టెన్సీలు, ఇంటర్వ్యూలో ఒకరి బదులు మరొకరు మాట్లాడే ఏర్పాట్లు ఉన్నాయన్నది రహస్యం కాదు. నీతి సంగతి పక్కన పెట్టినా, ఆ దారిలో ఉద్యోగం వచ్చినవాడికి మొదటి వారం మీటింగులోనే నోరు పెగలదు. మాట్లాడటం రాదన్న భయమే పిల్లలను అటు నెడుతుంది. ఆ భయం తగ్గించే పని మాత్రం మనం ఇక్కడే చేయవచ్చు.

బెంగళూరులో దీనికి ఒక సౌలభ్యం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో రోజూ సాయంత్రం అమెరికా బృందాలతో మాట్లాడేవారిలో, ఇంటర్వ్యూలు తీసుకునేవారిలో తెలుగువారు బోలెడుమంది. నెలకు ఒక శనివారం రెండు గంటలు వీడియో కాల్‌లో నమూనా ఇంటర్వ్యూలు చేస్తే, ఒక్కొక్కరూ ఆరుగురిని చూడగలరు. రోజూ చూసే ఉపాధ్యాయుడి ముందు తడబడని పిల్లవాడు కొత్త ముఖం ముందు తడబడతాడు, కాబట్టి ఈ పని మేం చేస్తే సరిపోదు. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాది వేడుకలతో పాటు దీన్నీ తలకెత్తుకోవాలని కోరుతున్నాం.

కోచింగ్‌కు డబ్బు కట్టే తల్లిదండ్రులు కౌన్సెలర్‌ను ఇవి అడగండి: మా అబ్బాయి రంగంలోని ఎన్ని ఉద్యోగ ప్రకటనలు చదివిస్తారు? ఫోన్ మీద ఎన్నిసార్లు మాట్లాడిస్తారు, రికార్డు చేసి వినిపిస్తారా? వెళ్లే దేశానికి తగ్గ రెజ్యూమె వాడే రాస్తాడా, మీరు రాసిస్తారా? చివరిదానికి ‘మేమే రాసిస్తాం’ అంటే, ఇంకో సెంటర్ చూసుకోండి.

మీ చదువుల పేజీకి కూడా ఒక వినతి. వారానికి ఒక నిజమైన ఇంటర్న్‌షిప్ ప్రకటనను, కంపెనీ పేరు తీసేసి, అందులో ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం, ఏ వాక్యం వీసా గురించి అన్నది తెలుగులో విడమరిచి పావు పేజీలో వేయండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా 16 వారాలు వస్తే ఆ ఏడాది వెళ్లేవారికి అందుతుంది. ప్రకటనలు ఏరి, వివరణ రాసి పంపే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
విదేశాలకు వెళ్లే విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పే కొందరు ఉపాధ్యాయులు,
మారతహళ్లి, బెంగళూరు